పెళ్లి బజారుకు హైదరాబాద్ వెళ్తున్నారా? పత్తర్‌గట్టి రాతి వసారాను ఒకసారి తలెత్తి చూడండి

పెళ్లి కుదిరిందంటే చాలు, కూచిపూడి, మొవ్వ, పామర్రు, బందరు వైపు ముస్లిం ఇళ్లలో ఒక మాట తప్పకుండా వస్తుంది. "సామాన్లు బెజవాడలో తీసుకుందామా, హైదరాబాద్ వెళ్దామా?" మామూలు బట్టలకైతే విజయవాడ వన్‌టౌన్, అక్కడి వస్త్రలత సరిపోతాయి. ఖడా దుపట్టా, షేర్వానీ, లక్క గాజులు, ముత్యాల సెట్టు, అత్తరు అనేసరికి మాత్రం ఇంట్లో పెద్దవాళ్లు చార్మినార్ పేరే ఎత్తుతారు.

రాత్రి బస్సెక్కి తెల్లవారేసరికి హైదరాబాద్‌లో దిగడం, దుకాణాలు తెరిచేదాకా ఎక్కడో కూర్చోవడం, సాయంత్రానికి సంచులు నింపుకుని మళ్లీ బస్సెక్కడం... చాలామంది ప్రయాణం ఇలాగే సాగుతుంది. మదీనా చౌరస్తా నుంచి చార్మినార్ దాకా ఏ కప్పు కింద నడిచామో, ఆ రాతి కమానులు ఎవరు కట్టారో, ఎందుకు కట్టారో అడిగేవాళ్లు తక్కువ. ఆ బజారుకూ మన కృష్ణా తీరానికీ 400 ఏళ్ల బంధం ఉందని తెలిసినవాళ్లు ఇంకా తక్కువ.

దుకాణాలు తెరవక ముందు దొరికే ఆ రెండు మూడు గంటల్లో పాత బజారును నడిచి చూడొచ్చు. దాన్నే ఇప్పుడు హెరిటేజ్ వాక్ అంటున్నారు. ఆ నడకలో ఏం చూడాలి, ఏం అడగాలి, ఆ కమానులకు ఇప్పుడు వచ్చిన ముప్పేమిటి అన్నది ఒక్కొక్కటిగా చూద్దాం.

బందరు రోడ్డు మీద పుట్టిన బజారు

హైదరాబాద్ నగరాన్ని 1591లో ముహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించారు. ఇరాన్ నుంచి వచ్చిన మీర్ మోమిన్ అస్త్రాబాదీ నగరానికి ప్లాన్ వేశారు. నాలుగు దారులు కలిసే చోట చార్మినార్ లేచింది. గోల్కొండ బజార్లను మచిలీపట్నం ఓడరేవుతో కలిపే వర్తక మార్గం అక్కడి మీదుగానే వెళ్లేది.

అప్పట్లో గోల్కొండ రాజ్యానికి సముద్రం మీద పెద్ద వాకిలి మన బందరే. డచ్చివాళ్లు 17వ శతాబ్దం మొదట్లోనే అక్కడ కోఠీ పెట్టారు, ఇంగ్లీషువాళ్లు 1611లో వచ్చారు. కలంకారీ బట్ట అక్కడి నుంచే ఓడలెక్కి ఇరాన్‌కు, యూరప్‌కు వెళ్లేది. ఇవాళ్టికీ పుణె నుంచి హైదరాబాద్, విజయవాడల మీదుగా వచ్చే 65వ నంబరు జాతీయ రహదారి చివరికి చేరేది మచిలీపట్నానికే. పామర్రులో బస్సెక్కి హైదరాబాద్ వెళ్లే కుటుంబం ఇంచుమించు ఆ పాత వర్తకుల దిక్కుగానే ప్రయాణిస్తోందన్నమాట.

కూచిపూడికి కూడా ఈ దారితో సంబంధం ఉంది. గోల్కొండ చివరి సుల్తాను అబుల్ హసన్ తానాషా బందరు వైపు వెళ్తూ కూచిపూడి భాగవతుల ప్రదర్శన చూశారని, మెచ్చుకుని ఆ ఊరిని వాళ్లకు అగ్రహారంగా ఇచ్చారని చెబుతారు. ఇది 1678 నాటి మాట అంటారు. ఒక ముస్లిం సుల్తాను, బ్రాహ్మణ కళాకారులు, మధ్యలో బందరు దారి. ఈ కథ చెబితే పిల్లలకు చార్మినార్ పరాయి ఊరి బొమ్మలా అనిపించదు.

కమానుల వరుస అంటే ఏమిటి?

మన పల్లెటూరి ఇంటికి ముందు వసారా ఉంటుంది. ఎండ లోపలికి రాకుండా, వాన జల్లు గుమ్మం తడపకుండా కాపాడుతుంది. దారిన పోయేవాడు కాసేపు అక్కడ నిలబడినా ఎవరూ ఏమీ అనరు. అలాంటి వసారాను ఒక వీధి పొడవునా దుకాణాలన్నిటి ముందూ కలిపి కట్టారనుకోండి. ముందు వైపు స్తంభాలు, కమానులు; వాటి వెనక నడవడానికి దారి; దారికి ఆ పక్కన దుకాణం; పైన గదులు. దీన్నే ఇంగ్లీషులో ఆర్కేడ్ అంటారు. పత్తర్‌గట్టి అచ్చంగా ఇదే.

ఇది అందం కోసం మాత్రమే కట్టింది కాదు, ఇందులో వ్యాపార లెక్క ఉంది. మన ఎండల్లో మధ్యాహ్నం 12 దాటితే వీధిలో మనిషి నిలబడలేడు. నిలబడని మనిషి సరుకు చూడడు, చూడనివాడు కొనడు. నీడ ఇస్తే నడక నెమ్మదిస్తుంది, కళ్లు దుకాణం వైపు తిరుగుతాయి. బట్ట రంగు ఎండకు వెలిసిపోదు, వానకు తడవదు. ఒక దుకాణానికి వచ్చినవాడు నీడ వెంబడే పక్క దుకాణానికి కూడా వెళ్తాడు. నేటి మాల్స్ ఏసీ పెట్టి చేసే పనిని అప్పట్లో కరెంటు లేకుండా రాయితోనే చేశారు.

ఈ ఆలోచన మన దగ్గర ఒక్కచోటే పుట్టింది కాదు. ఇస్తాంబుల్‌లోని కపాలీ చార్షీ పనులు సుల్తాన్ మహమ్మద్ ఫాతిహ్ కాలంలో, 1450ల్లో మొదలయ్యాయి. కప్పు ఉన్న ఆ వీధుల్లో నేటికీ వేల దుకాణాలు నడుస్తున్నాయి. ఇరాన్‌లోని తబ్రీజ్ బజారును యునెస్కో 2010లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఢిల్లీ ఎర్రకోటలో షాజహాన్ కట్టించిన ఛత్తా చౌక్ కూడా కప్పు ఉన్న బజారే. ఛత్తా అంటే పైన కప్పు ఉన్న దారి. హైదరాబాద్‌లో శుభలేఖలు, ఉర్దూ ప్రింటింగ్‌కు పేరుపడ్డ ఛత్తా బజార్ పేరులోనూ ఆ మాటే వినిపిస్తుంది.

వరద తర్వాత లేచిన రాతి వరుస

పత్తర్‌గట్టి కమానులు కుతుబ్‌షాహీల కాలం నాటివని చాలామంది అనుకుంటారు. అవి అంత పాతవి కావు, నిజాముల చివరి కాలానివి. వాటి వెనక ఒక పెద్ద విషాదం ఉంది.

1908 సెప్టెంబర్ 28న మూసీ నది పొంగి హైదరాబాద్‌ను ముంచేసింది. వేలమంది చనిపోయారు, అఫ్జల్‌గంజ్ వైపు బస్తీలు కొట్టుకుపోయాయి. ఆ తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించి సలహా తీసుకున్నారు. వరదను ఆపడానికి ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. ఊరిని మళ్లీ నిలబెట్టే పని కోసం ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో, 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది.

ఇరుకు బస్తీలు తీసి రోడ్లు వెడల్పు చేయడం, మురుగు పోయేలా కాలువలు వేయడం, పద్ధతైన ఇళ్లు, బజార్లు కట్టడం ఈ బోర్డు పనులు. నయాపూల్ వైపు నుంచి చార్మినార్‌కు వెళ్లే పెద్ద రోడ్డుకు రెండు పక్కలా ఒకే తీరులో లేచిన రాతి కమానులు ఆ పునర్నిర్మాణ కాలానివే. గ్రానైట్ రాయిని దక్కన్ నేలే ఇచ్చింది. పత్తర్ అంటే రాయి, బజారు పేరులోనే రాయి ఉంది.

బోర్డుకు నిజాం రెండో కుమారుడు మొజంజా నాయకత్వం వహించారు. ఆయన పేరు మీదే 1935లో మొజంజాహీ మార్కెట్ వచ్చింది. అదీ గ్రానైట్‌తోనే కట్టింది, మధ్యలో గడియారం ఉన్న గోపురంతో. ఒకప్పుడు పళ్లకు, తర్వాత ఐస్‌క్రీముకు పేరుపడింది. కొన్నేళ్ల కింద పాడుబడినట్టు కనిపించిన ఆ మార్కెట్‌ను 2018లో బాగుచేయడం మొదలుపెట్టి 2020 ఆగస్టులో మళ్లీ తెరిచారు. దుకాణదారులను వెళ్లగొట్టకుండానే పాత కట్టడాన్ని బాగుచేయొచ్చని ఆ పని చూపించింది.

నడక ఇలా సాగుతుంది

మహాత్మాగాంధీ బస్టాండులో దిగినవాళ్లకు ఇది దగ్గరే. అక్కడి నుంచి నయాపూల్ దాకా ఆటోలోనో నడిచో రావచ్చు. వంతెన మీద నిలబడితే కింద మూసీ, ఉత్తరం ఒడ్డున ఉస్మానియా ఆస్పత్రి, దక్షిణం ఒడ్డున హైకోర్టు గోపురాలు కనిపిస్తాయి. ఆ రెండూ వరద తర్వాత కట్టినవే. 1908 కథ పిల్లలకు చెప్పడానికి ఇంతకంటే మంచి చోటు లేదు.

వంతెన దాటాక మదీనా చౌరస్తా వస్తుంది. మూలన ఉన్న మదీనా బిల్డింగ్ అద్దెలను ఒకప్పుడు మదీనా షరీఫ్‌లోని పేదలకు పంపేవారని నగరంలో చెప్పుకుంటారు. అరబ్ దేశంలో చమురు డబ్బు రాకముందు హైదరాబాద్ బజారు ఆదాయం అక్కడికి సాయంగా వెళ్లిందంటే ఇవాళ్టి పిల్లలు ఆశ్చర్యపోతారు.

ఇక్కడి నుంచి దక్షిణంగా పత్తర్‌గట్టి మొదలవుతుంది. చార్మినార్ దాకా ఇంచుమించు కిలోమీటరు దూరం. ఉదయం షట్టర్లు దించి ఉన్నప్పుడే రాతి పని బాగా కనిపిస్తుంది. రోడ్డుకు అవతలి పక్కన నిలబడి ఎదుటి వరుస చూడాలి. కింద కమాను, పైన కిటికీ, మళ్లీ పక్కన అదే కొలతలో ఇంకొక కమాను. ఆ వరుస ఎక్కడ తెగిందో కూడా కనిపెట్టొచ్చు. తెగిన చోట ఎవరో తర్వాత మార్చారన్నమాట.

ఆ తర్వాత మచిలీ కమాన్. చార్మినార్‌కు ఉత్తరాన ఉన్న చార్‌కమాన్‌లో ఇది ఒకటి. నాలుగు కమానులూ 1592 నాటివి. మిగతావి కాలీ కమాన్, షేర్-ఎ-బాతిల్ కీ కమాన్, చార్మినార్ కమాన్. నాలుగింటి మధ్యలో గుల్జార్ హౌజ్ ఉంటుంది. పత్తర్‌గట్టి కమానులకూ వీటికీ మూడు శతాబ్దాలకు పైగా తేడా. రెండిటినీ పక్కపక్కన చూస్తే పాతదాన్ని చూసి కొత్తది ఎలా నేర్చుకుందో అర్థమవుతుంది.

చార్మినార్ దగ్గర పడమరకు తిరిగితే లాడ్ బజార్. ఇక్కడి లక్క గాజులకు 2024లో జీఐ గుర్తింపు వచ్చింది. లక్కను వేడిచేసి, ముద్దలా చేసి, కడ్డీగా సాగదీసి, గుండ్రంగా వంచి, అది మెత్తగా ఉండగానే రాళ్లు అద్దుతారు. ఈ పనివాళ్లలో ఎక్కువమంది ముస్లిం కుటుంబాలవాళ్లు, ఇంట్లో కూర్చుని పనిచేసే ఆడవాళ్లూ ఉన్నారు. లాడ్ బజార్ దాటితే మహబూబ్ చౌక్, ఆ పైన చౌమహల్లా ప్యాలెస్. ప్యాలెస్‌ను బాగుచేసిన తీరుకు 2010లో యునెస్కో ఆసియా-పసిఫిక్ అవార్డు వచ్చింది.

చార్మినార్ నుంచి చౌమహల్లా దాకా పర్యాటక శాఖ హెరిటేజ్ వాక్‌లు నడిపింది. ప్రైవేటుగా నడిపేవాళ్లూ ఉన్నారు. బయలుదేరే ముందు ఫోన్ చేసి సమయం, రుసుము, గైడ్ ఏ భాషలో చెబుతారో కనుక్కోవడం మంచిది. తెలుగులోనో దక్కనీ ఉర్దూలోనో చెప్పమని ముందే అడగాలి. ఇంట్లో నానీకి, పిల్లలకు అర్థం కాని భాషలో కథ చెబితే డబ్బులు దండగే.

కుటుంబంతో వెళ్లేవాళ్లకు

- చౌమహల్లా, సాలార్‌జంగ్ మ్యూజియం రెండూ శుక్రవారం మూసి ఉంటాయి. శుక్రవారం మధ్యాహ్నం జుమా కోసం చాలా దుకాణాలు కూడా కాసేపు మూస్తారు. బజారు, మ్యూజియం రెండూ కావాలంటే వేరే రోజు చూసుకోవాలి.
- పాతబస్తీ దుకాణాలు పొద్దున్నే తెరవరు, 11 దాటాకే సందడి. కాబట్టి 7 గంటలకు నడక మొదలుపెట్టి, నాష్తా చేసి, ఆ తర్వాత కొనుగోళ్లకు దిగడం తేలిక.
- రంజాన్‌లో రాత్రంతా బజారు ఉంటుంది. చూడముచ్చటగా ఉంటుంది గానీ, ఆ రద్దీలో కమానులు కనిపించవు. ముసలివాళ్లను, చంటిపిల్లలను ఆ రోజుల్లో తీసుకెళ్లకపోవడమే మేలు.
- నమాజుకు మక్కా మస్జిద్ చార్మినార్ పక్కనే ఉంది. కుతుబ్‌షాహీల కాలంలో మొదలై, ఔరంగజేబు కాలంలో 1694లో పూర్తయిన మస్జిద్ ఇది.
- ధర చూసుకోవడానికి పాత బజారు పద్ధతే మంచిది. ఒకే సరుకు అమ్మే దుకాణాలు వరుసగా ఉంటాయి. మూడు చోట్ల ధర అడిగి, నాలుగో చోట కొనండి. ఒకే రకం వ్యాపారం ఒకే వీధిలో ఉండడం వల్ల లాభపడేది కొనేవాడే.

రాయికి ఏం నష్టం జరుగుతోంది?

నడకలో తలెత్తి చూస్తే సంతోషం ఒక్కటే ఉండదు, బాధ కూడా కలుగుతుంది. కమానుల మీద పెద్ద పెద్ద బోర్డులు, ఏసీ పెట్టెలు, కరెంటు తీగల గుత్తులు. కొన్నిచోట్ల రాయి మీద రంగు కూడా వేశారు. ఇవి చూడ్డానికి బాగుండకపోవడం ఒక్కటే సమస్య అనుకుంటే పొరపాటు.

బోర్డు కోసం రాతిలో ఇనుప మేకు దిగ్గొడతారు. ఇనుము తుప్పు పట్టినప్పుడు ఉబ్బుతుంది. ఉబ్బిన మేకు లోపలి నుంచి రాయిని చీలుస్తుంది. ఆయిల్ పెయింటు వేస్తే రాళ్ల మధ్య అతుకుల్లో చేరిన తేమ బయటకు పోలేక లోపలే నిలిచి సున్నాన్ని పాడుచేస్తుంది. అన్నిటికంటే ప్రమాదం స్తంభాన్ని చెక్కడం. కమాను మీద పడే బరువు రెండు పక్కలా ఉన్న స్తంభాలకు దిగుతుంది. అద్దాల షోకేసు వెడల్పు కోసం ఒక స్తంభాన్ని సన్నం చేస్తే దాని పక్క కమాను కూడా బలహీనపడుతుంది. వరుసగా కట్టిన కమానులు ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడతాయి. ఒక దుకాణదారు చేసిన పని పక్కవాడి పైకప్పు మీదికి వస్తుంది.

ఇంకో సమస్య నడక దారిది. నీడలో జనం నడవడానికి కట్టిన వసారాలోకి చాలాచోట్ల సరుకు వచ్చేసింది. బొమ్మలకు బట్టలు తొడిగి నిలబెడతారు, పెట్టెలు పేరుస్తారు. నడిచేవాళ్లు ఎండలో, బండ్ల మధ్య రోడ్డెక్కాల్సి వస్తుంది. ముందుగా ఇబ్బంది పడేది మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు, చంటిపిల్లలతో వచ్చిన తల్లులు.

ఈ చిక్కుకు పాత పరిష్కారం ఒకటుంది. సింగపూర్‌లో 1822లోనే ఒక నియమం పెట్టారు. దుకాణం ఎవరిదైనా సరే, దాని ముందు వసారా మాత్రం ఎప్పుడూ జనం నడిచేందుకు తెరిచి ఉంచాలి, పక్క దుకాణం వసారాతో కలిసి ఉండాలి. అయిదడుగుల దారి అని దానికి పేరు. ఆ దారులు నేటికీ అక్కడి పాత వీధుల్లో ఉన్నాయి. స్థలం యజమానిది, నడిచే హక్కు అందరిదీ అన్నది అందులోని సూత్రం.

తోపుడు బండివాడి సంగతేంటి?

పాత బజారును కాపాడాలనగానే మొదట తోపుడు బండ్ల మీద పడతారు. గాజులు, రుమాళ్లు, సుర్మా, పళ్లు అమ్మేవాళ్లకు షట్టరు లేదు, పగ్డీ కట్టే స్తోమత లేదు. వాళ్ల రోజు కూలి ఆ రోడ్డు మీదే ఉంది. వీళ్లలో మనవాళ్లే ఎక్కువ.

2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ఈ విషయంలో తెలుసుకోదగ్గది. సర్వే చేసి గుర్తింపు ఇచ్చేదాకా వీధి వ్యాపారులను తొలగించకూడదని, టౌన్ వెండింగ్ కమిటీలో వాళ్ల ప్రతినిధులు ఉండాలని ఆ చట్టం చెబుతుంది. యాభై ఏళ్లకు పైగా వీధి వ్యాపారం సాగుతున్న సహజ బజారును వారసత్వ బజారుగా ప్రకటించాలని, అక్కడి వ్యాపారులను వేరే చోటికి మార్చకూడదని కూడా అందులో ఉంది. చట్టం దృష్టిలో రాయి ఒక్కటే వారసత్వం కాదు, దాని ముందు అమ్ముకునే మనిషి కూడా వారసత్వంలో భాగమే. వసారా ఖాళీగా ఉండాలి, బండివాడికీ ఒక చోటు ఉండాలి. ఈ రెండూ కలిపి ప్లాన్ వేయడం మునిసిపాలిటీ పని, అలా వేయమని అడగడం జనం పని.

కట్టడాల విషయంలో తెలంగాణలో 2017 నాటి వారసత్వ చట్టం ఉంది. అయితే చట్టం ఒక్కటే కమానును నిలబెట్టదు. సిరియాలోని అలెప్పోలో శతాబ్దాల నాటి కప్పు బజారు యునెస్కో జాబితాలో ఉన్నా 2012లో యుద్ధం మంటల్లో కాలిపోయింది. వందల దుకాణాలు బూడిదయ్యాయి. ఆ తర్వాత కొన్ని భాగాలను మళ్లీ కట్టారు, కానీ చెదిరిపోయిన వర్తకులందరూ తిరిగి రాలేదు. బజారు అంటే కట్టడం, వ్యాపారి, కొనేవాడు. ముగ్గురిలో ఏ ఒక్కరు లేకపోయినా అది మ్యూజియమో శిథిలమో అవుతుంది.

కొనేవాళ్ల చేతిలో ఏముంది?

కూచిపూడి నుంచి వెళ్లి ఒక్క పూట ఉండి వచ్చే కుటుంబం పత్తర్‌గట్టిని ఏం కాపాడగలదు అనిపించొచ్చు. కానీ వ్యాపారి వినేది గిరాకీ మాటే. "ఈ కమాను బాగుంది, బోర్డు తీసేస్తే ఇంకా బాగుంటుంది" అని పది మంది కస్టమర్లు అంటే, మునిసిపాలిటీ నోటీసు కంటే ఎక్కువ పని చేస్తుంది. వసారాలో దారి ఇచ్చిన దుకాణంలోకే వెళ్లడం, దారి మూసినవాడికి ఆ మాట మర్యాదగా చెప్పడం పెద్ద కష్టం కాదు. దారిలో అడ్డం తీసేయడం సదఖా అన్న మాట మన ఇళ్లలో చిన్నప్పుడే నేర్పుతారు. దాన్ని బజారులో కూడా గుర్తు చేయొచ్చు.

విజయవాడకూ ఇదే వర్తిస్తుంది. ఆంధ్రప్రదేశ్ శాసనసభ తొలి స్పీకర్ అయ్యదేవర కాళేశ్వరరావు పేరు మీద ఉన్న మార్కెట్, వన్‌టౌన్ పాత వీధులు, బందరు పాత బజార్లు కూడా నడిచి చూడదగ్గవే. అక్కడ పత్తర్‌గట్టి లాంటి కమానులు లేకపోవచ్చు. ఏ వీధిలో ఏ సరుకు ఎప్పటి నుంచి అమ్ముతున్నారో, పాత దుకాణం అరుగు ఎక్కడుందో చెప్పగల పెద్దవాళ్లు మాత్రం ఇంకా ఉన్నారు. వాళ్లను ముందు పెట్టుకుని ఒక ఆదివారం పొద్దున్న పిల్లలతో నడిస్తే, దానికి గైడ్ కూడా అక్కర్లేదు.

హైదరాబాద్ వెళ్లేటప్పుడు పెళ్లి సామాన్ల చీటీలో ఒక వరుస అదనంగా రాసుకుంటే చాలు: "ఉదయం 7 గంటలకు, మదీనా నుంచి చార్మినార్ దాకా నడక."